పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పల్లెటూరి స్త్రీ వంశచరిత్రను వెలికితీయడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పుడు అక్కడి కుటుంబాలతో వియ్యమందుతున్నాయి. కోడలి తాతమ్మది ఏ ఊరు, అల్లుడి ముత్తవ్వ పుట్టింటివారెవరు అని మనవలు అడిగినప్పుడు, తెలుసుకుని చెప్పాలని పెద్దలకూ ఉంటుంది. పురుషుడి వైపు వెనక్కు వెళ్ళడం చాలావరకు సాఫీగానే సాగుతుంది. అతని ఇంటిపేరు మారదు, భూమి అతని పేరనే ఉంటుంది, పన్ను చిట్టాలోనూ ఓటర్ల జాబితాలోనూ అతనే కనిపిస్తాడు. స్త్రీ దగ్గరికి వచ్చేసరికి దారి తెగిపోతుంది. మన దగ్గరిలాగే అక్కడా పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. పైగా ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయ సంప్రదాయం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సొంతంగా ఒప్పందాలు చేసుకోలేదు, ఆమె ఆస్తి మీద పెత్తనం భర్తదే. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్ చేసిన చట్టాలతో మొదలై ఈ కట్టుబాటు ఒక్కో రాష్ట్రంలో మెల్లగా సడలింది. అయితే ఆమె ఏ కాగితంలోనూ లేదనుకుని వదిలేయకండి. చట్టానికి ఆమె సమ్మతి, ఆమె ప్రమాణం, ఆమె సాక్ష్యం తప్పనిసరి అయిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఆ సందర్భాలలో పుట్టిన కాగితాల మీదే ఎక్కువ సమయం పెట్టమని నా సలహా.

ఉదాహరణగా కెరొలైన్ క్వైనర్ ఇంగాల్స్ అనే స్త్రీని తీసుకుందాం. రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్‌కు తల్లి కావడం వల్ల ఆమె వివరాలను పరిశోధకులు శ్రద్ధగా సేకరించారు. కానీ ఆమె బతుకు మాత్రం ఆ కాలపు రైతు భార్యలెందరిదో బతుకే. 1839లో విస్కాన్సిన్ ప్రాంతంలో పుట్టి, కాన్సస్, మిన్నెసోటా, అయోవాలలో కాపురముండి, చివరికి 1924లో సౌత్ డకోటాలోని డి స్మెట్ ఊళ్ళో ఆమె కన్నుమూసింది. ఇన్ని ఊళ్ళు మారిన మనిషిని కాగితాలలో ఎలా పట్టుకోవాలో చూద్దాం.

చివరినుంచి మొదలుపెట్టండి

వంశచరిత్రలో ఎప్పుడూ తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెనక్కు నడవాలి. మీరు వెతికే స్త్రీ ఎప్పుడు, ఎక్కడ చనిపోయిందో ముందు తేల్చుకోండి. మరణాల నమోదును రాష్ట్రాలన్నీ ఒకేసారి మొదలుపెట్టలేదు. మసాచుసెట్స్ 1841లోనే ఆరంభిస్తే, టెక్సస్‌లో 1903, పెన్సిల్వేనియాలో 1906, టెనెసీలో 1914, జార్జియాలో 1919 దాకా రాష్ట్రమంతటా నిలకడైన నమోదు లేదు. 1845లో పుట్టిన స్త్రీ 1915 దాకా బ్రతికి ఉంటే, ఆమె పుట్టినప్పుడు లేని కాగితం పోయినప్పుడు తయారై ఉండవచ్చు. ఆ ధ్రువపత్రంలో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, సమాచారం ఇచ్చినవారి పేరు రాయడానికి గళ్ళు ఉంటాయి. సమాచారం ఇచ్చినది ఎవరో తప్పక చూడండి. డెబ్బై ఏళ్ళ అత్తగారి తల్లి పేరు అల్లుడికి సరిగ్గా తెలియకపోవచ్చు. పక్కనే పెరిగిన చెల్లెలు చెప్పి ఉంటే దాని విలువ వేరు.

ఆమెకు మరణ ధ్రువపత్రం లేకపోతే ఆమె బిడ్డలందరి పత్రాలనూ తెప్పించుకోండి. ఒక్కరిది చాలదు, అందరివీ కావాలి, ఎందుకంటే తల్లి పుట్టింటి పేరు ఒక పత్రంలో ఖాళీగా ఉన్నా మరోదానిలో ఉండవచ్చు. 1936 తర్వాత సోషల్ సెక్యూరిటీ సంఖ్య కోసం దరఖాస్తు చేసుకున్న బిడ్డలు తల్లి పుట్టింటి పేరును స్వయంగా రాసి ఇచ్చారు. వృద్ధాప్యంలో ఉన్న చిన్నకొడుకో చిన్నకూతురో ఆ దరఖాస్తు పెట్టి ఉంటే అది మీ అదృష్టం.

పాత పత్రికలలో మరణవార్తల కోసం వెతికేటప్పుడు ఆమె సొంత పేరుతో వెతికితే చాలాసార్లు దొరకదు. ఆ కాలపు పత్రికలు ఆమెను మిసెస్ అనే మాట పక్కన భర్త పూర్తి పేరు చేర్చి రాసేవి కాబట్టి భర్త పేరుతో వెతకాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే క్రానిక్లింగ్ అమెరికా అనే పాత పత్రికల వెబ్‌సైట్‌లో పల్లెటూళ్ళ వారపత్రికలు ఎన్నో ఉచితంగా చదవవచ్చు. సమాధి రాళ్ళ మీద కన్సార్ట్ అని ఉంటే ఆమె భర్త కంటే ముందు పోయిందని, రెలిక్ట్ అని ఉంటే వితంతువుగా పోయిందని సాధారణంగా అర్థం చేసుకోవచ్చు.

జనాభా లెక్కలను వెనక్కు చదవండి

అమెరికాలో 1790 నుంచి పదేళ్ళకోసారి సెన్సస్ జరుగుతున్నా, 1840 వరకు ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని వయసుల వారీగా అంకెలలో చూపించారు. స్వేచ్ఛగా ఉన్న, అంటే బానిస కాని, ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో రాయడం, తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రం అడగడం 1880లో వచ్చాయి. ఈ తేడా చిన్నది కాదు. 1850లో ఒక రైతు ఇంట్లో ఇరవై ఆరేళ్ళ స్త్రీ, పద్నాలుగు, పన్నెండు, పదకొండు, మూడు, ఒకటి వయసుల పిల్లలు కనిపించారనుకోండి. వయసులు చూస్తే పెద్దపిల్లలకు ఆమె తల్లి కాదని, మధ్యలో ఎనిమిదేళ్ళ ఖాళీ మొదటి భార్య మరణాన్ని సూచిస్తూ ఉండవచ్చని తెలుస్తుంది. కాగితం మాత్రం వాళ్ళందరికీ ఒకే ఇంటిపేరు రాసి ఊరుకుంటుంది. ఆ పెద్దపిల్లల వంశంలో పుట్టినవారు ఈమెను తమ అవ్వగా రాసుకున్న వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి.

స్త్రీల వంశం వెతికేవారికి 1900, 1910 లెక్కలు అన్నిటికంటే విలువైనవి. ఎన్నేళ్ళ క్రితం పెళ్ళయింది, ఎంతమంది బిడ్డలను కన్నది, వారిలో ఎంతమంది బ్రతికి ఉన్నారు అని ఆ రెండు లెక్కలలోనూ తల్లులను అడిగారు. 1900లో పుట్టిన నెల, సంవత్సరం కూడా రాశారు. కెరొలైన్‌కు ఐదుగురు బిడ్డలు పుట్టగా నలుగురు ఆడపిల్లలే బ్రతికారు. 1875 నవంబరులో మిన్నెసోటాలో పుట్టిన కొడుకు మరుసటి ఏడే, తొమ్మిది నెలల పసివాడుగా పోయాడు. 1870 లెక్కలనాటికి వాడు పుట్టలేదు, 1880 నాటికి లేడు. ఇలాంటి పసిబిడ్డలు ఉన్నారని మొదట సూచించేవి తల్లి చెప్పిన ఆ రెండు అంకెలే. మీరు వెతికే స్త్రీ విషయంలో కన్న బిడ్డల సంఖ్యకూ మీకు తెలిసిన పేర్ల సంఖ్యకూ తేడా వస్తే, 1850 నుంచి 1880 వరకు సెన్సస్‌తో పాటు రాసిన మరణాల షెడ్యూళ్ళు చూడండి. లెక్కల తేదీకి ముందు పన్నెండు నెలలలో పోయినవారి పేర్లు వాటిలో ఉంటాయి.

1890 లెక్కలు దాదాపు పూర్తిగా పోయాయి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి చాలావరకు పాడయ్యాయి, మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. 1880లో పద్నాలుగేళ్ళ పిల్లగా పుట్టింట్లో ఉన్న అమ్మాయి 1900లో నలుగురు బిడ్డల తల్లిగా మరో రాష్ట్రంలో కనిపిస్తుంది. ఆ ఇరవై ఏళ్ళ లోటును పూడ్చడానికి రాష్ట్రాలు సొంతంగా తీసిన లెక్కలను ఆశ్రయించాలి. కాన్సస్, అయోవాలు రెండూ 1885లో లెక్కలు తీశాయి. 1855 న్యూయార్క్ లెక్కలలో పుట్టిన కౌంటీ (మన జిల్లాలాంటిది), ఆ ఊరికి వచ్చి ఎన్నేళ్ళయిందీ ఉన్నాయి. 1925 అయోవా లెక్కలలోనైతే తల్లి పుట్టింటి పేరే అడిగారు.

ఊరు కదలకపోయినా కౌంటీ మారుతుంది

అక్కడి పెళ్ళి, భూమి, వారసత్వపు కాగితాలు ఎక్కువ రాష్ట్రాలలో కౌంటీ కోర్టు ఆవరణలోనే ఉంటాయి కాబట్టి, ఫలానా సంవత్సరంలో ఆ ఊరు ఏ కౌంటీలో ఉండేదో ముందు తేల్చుకోవాలి. కెరొలైన్ పుట్టిన బ్రూక్‌ఫీల్డ్ ఇప్పుడు వాకెషా కౌంటీలో ఉంది, కానీ ఆ కౌంటీ 1846లో మిల్వాకీ కౌంటీ నుంచి విడిపోయి ఏర్పడింది. 1839 నాటి కాగితం కావాలంటే మిల్వాకీలో వెతకాలి. మన జిల్లాల విభజన తర్వాత పాత దస్తావేజులు పాత రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉండిపోయినట్టే ఇదీ. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ తయారుచేసిన చారిత్రక సరిహద్దుల అట్లాస్‌లో ఏ తేదీకి ఏ సరిహద్దు ఉండేదో కనిపిస్తుంది. కోర్టు తగలబడిపోయిందని తెలిసినా ఆశ వదలకండి. భూమి యజమానులు తమ దస్తావేజులను మళ్ళీ తెచ్చి నమోదు చేయించుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

పెళ్ళి కాగితాలు

పెళ్ళి లైసెన్సు ఎక్కువగా పెళ్ళికూతురు ఉండే కౌంటీలోనే తీసుకునేవారు. దక్షిణాది రాష్ట్రాలలో చాలాకాలం లైసెన్సుతో పాటు పెళ్ళి బాండు రాయించుకునేవారు. పెళ్ళికి అడ్డంకి లేదని వరుడితో కలిసి హామీ ఇచ్చి సంతకం చేసినవాడు తరచుగా వధువు అన్నదమ్ముడో తండ్రో అయి ఉంటాడు. వధువు మైనరు అయితే తండ్రి లేదా సంరక్షకుడి సమ్మతి పత్రం విడి చీటీగా ఉంటుంది, కాబట్టి రిజిస్టరులో ఒక్క వరుస చూసి తృప్తిపడకుండా విడి కాగితాల పెట్టెలు కూడా అడగండి. లైసెన్సులో పెళ్ళికూతురి పేరుకు ముందు మిసెస్ అని ఉంటే ఆమెకిది రెండో పెళ్ళి కావచ్చు. అక్కడ ఉన్న ఇంటిపేరు పుట్టింటిది కాక మొదటి భర్తది అయ్యే అవకాశం ఎక్కువ.

భూమి దస్తావేజులలో భార్య సంతకం

భర్త చనిపోతే అతని భూమిలో మూడో వంతును భార్య జీవితాంతం అనుభవించే హక్కును అక్కడి సంప్రదాయ చట్టం గుర్తించింది. అందువల్ల భర్త పొలం అమ్మినప్పుడు, ఆ హక్కును భార్య తన ఇష్టంతోనే వదులుకుంటోందని కొన్నవాడు రాయించుకోవలసి వచ్చేది. చాలా రాష్ట్రాలలో అధికారి ఆమెను భర్త లేకుండా విడిగా పిలిచి అడిగి, ఆ సంగతి దస్తావేజు చివర నమోదు చేసేవాడు. ఇంకే కాగితంలోనూ లేని ఆమె పేరు అక్కడ ఉంటుంది, రాయడం రాకపోతే గుర్తు పెట్టిన సంగతీ ఉంటుంది. ఒకే రైతు వరుసగా చేసిన అమ్మకాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 1852లో హన్నా సమ్మతి, 1855లో ఎవరి సమ్మతీ లేకపోవడం, 1858లో రెబెకా సమ్మతి కనిపించవచ్చు. అప్పుడు హన్నా మరణానికీ రెబెకాతో పెళ్ళికీ మీకు హద్దులు దొరికినట్టే. సూచికలో భర్త పేరు పక్కన ఎట్ ఉక్స్ అని ఉంటే భార్య కూడా పక్షం అని, ఎట్ అల్ అని ఉంటే మరికొందరు కలిశారని అర్థం. ఈ రెండో రకాన్ని తప్పక తెరవండి, ఎందుకంటే తండ్రి పోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఆడపిల్లల భర్తలు అందరూ కలిసి ఉమ్మడి పొలం అమ్మిన కాగితం అలాగే నమోదవుతుంది. పుట్టింటి పేరును రుజువు చేయడానికి దీనికి సాటి రాగల కాగితాలు తక్కువ.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు చేసుకుని, అయిదేళ్ళు నివాసముండి సాగుచేస్తే పట్టా వచ్చేది. పెళ్ళికాని స్త్రీ 21 ఏళ్ళు నిండితే తన పేరనే దరఖాస్తు చేయవచ్చు. భర్త మధ్యలో చనిపోతే వితంతువు దాన్ని పూర్తిచేసి తన పేరున పట్టా పొందవచ్చు. పట్టా నకళ్ళు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కానీ అసలు సంగతులు కేంద్ర ప్రభుత్వపు పాత దస్త్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లోని దరఖాస్తు ఫైలులో ఉంటాయి: ఇల్లు ఎంత పొడవు, ఎన్ని ఎకరాలు దున్నారు, కుటుంబంలో ఎంతమంది ఉన్నారు, సాక్ష్యం చెప్పిన ఇరుగుపొరుగు ఎవరు అన్నవి.

వితంతు పింఛను ఫైలు

ఆమె భర్త లేదా కొడుకు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861-65లో జరిగిన అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యం తరఫున పనిచేసి ఉంటే, మిగిలినవన్నీ పక్కన పెట్టి ముందు ఈ ఫైలు తెప్పించుకోండి. 1862 జులై 14న చేసిన చట్టం, సైనిక సేవ కారణంగా పోయిన సిపాయి భార్యకు నెలకు 8 డాలర్ల పింఛను ఇచ్చింది. భార్య లేకపోతే పదహారేళ్ళలోపు పిల్లలకూ, అతని సంపాదన మీద ఆధారపడిన తల్లికీ అవకాశం కల్పించింది. 1890 జూన్ 27 నాటి చట్టంతో, భర్త మరణానికి యుద్ధం కారణమని చూపించలేని పేద వితంతువులు కూడా అర్హులయ్యారు.

పింఛను కావాలంటే ఆమె మూడు సంగతులు రుజువు చేయాలి: తనకు అతనితో పెళ్ళయిందని, అతను చనిపోయాడని, పిల్లలు ఫలానా రోజున పుట్టారని. పల్లెలలో పుట్టుకల రిజిస్టరే లేని కాలమది. అందుకని పురుడు పోసిన మంత్రసాని వచ్చి ప్రమాణం చేసింది, పెళ్ళికి వెళ్ళిన పక్కింటివారు సాక్ష్యం చెప్పారు, కొందరు కుటుంబ బైబిలులో పుట్టిన తేదీలు రాసుకున్న పేజీని చింపి పంపారు. ఆ పేజీలు ఇప్పటికీ కొన్ని ఫైళ్ళలో ఉన్నాయి. ఏ పేరుతో పెళ్ళి జరిగిందో దరఖాస్తులో ఆమే చెప్పాలి. అనుమానం వస్తే ప్రత్యేక పరిశీలకుణ్ణి పంపేవారు. అతను ఊరూరా తిరిగి ఆమె అక్కచెల్లెళ్ళ చేత, పాత యజమానుల చేత, చర్చి పెద్దల చేత వాంగ్మూలాలు తీసుకునేవాడు. ఒక పల్లెటూరి స్త్రీ తన బతుకును తన నోటితో చెప్పగా రాసుకున్న కాగితాలు ప్రభుత్వ దస్త్రాలలో ఇంతకంటే ఎక్కువగా మరెక్కడా నాకు కనిపించలేదు. చదువుతూ ఉంటే, నెలకు ఎనిమిది డాలర్ల కోసం తన కాపురాన్ని అపరిచితుల ముందు రుజువు చేసుకోవలసి వచ్చిన ఆ తల్లుల మీద గౌరవం పెరుగుతుంది.

మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పింఛను ఆగిపోయేది, పిల్లల భాగం సంరక్షకుడి పేరున కొనసాగేది. కాబట్టి ఫైలులో కొత్త భర్త పేరు, రెండో పెళ్ళి తేదీ కూడా దొరుకుతాయి. ఫైలు కోసం నేషనల్ ఆర్కైవ్స్‌కు ఆన్‌లైన్‌లో గాని, 85వ నంబరు ఫారంతో గాని దరఖాస్తు చేయండి. ఎంపిక చేసిన కొన్ని పేజీలు కాక పూర్తి ఫైలు కావాలని స్పష్టంగా అడగండి. దక్షిణాది సైనికుల కుటుంబాలకు పింఛను ఇచ్చినవి ఆయా రాష్ట్రాలు కాబట్టి ఆ ఫైళ్ళు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

పుట్టింటివారు పక్కనే ఉంటారు

ఆ కాలంలో కుటుంబాలు ఒంటరిగా వలస వెళ్ళడం తక్కువ. బావమరుదులు, తోడల్లుళ్ళు, ఒకే చర్చివారు కలిసి బండ్లు కట్టుకుని కదిలేవారు. అందుకే సెన్సస్‌లో ఆమె ఇంటికి ముందు పది ఇళ్ళు, తర్వాత పది ఇళ్ళు రాసుకుని, వారిలో ఆమె పుట్టిన రాష్ట్రంలోనే పుట్టిన పెద్దవారెవరో చూడండి. క్వైనర్, ఇంగాల్స్ కుటుంబాలు విస్కాన్సిన్‌లోని కాంకర్డ్ దగ్గర ఇరుగుపొరుగు. కెరొలైన్ 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగాల్స్‌ను పెళ్ళాడింది. ఆమె అన్న హెన్రీ చార్లెస్ చెల్లెలు పాలీని, ఆమె అక్కచెల్లెళ్ళలో ఒకరైన ఎలైజా చార్లెస్ అన్న పీటర్‌ను చేసుకున్నారు. మనం కుండమార్పిడి అనే సంబంధానికి ఇది అచ్చమైన ఉదాహరణ. ఇలాంటప్పుడు ఒక జంట పెళ్ళి కాగితం దొరక్కపోయినా, మిగిలిన రెండు జంటల కాగితాలు పుట్టింటి దారి చూపిస్తాయి.

తల్లి మారుమనువును మాత్రం మరచిపోకండి. కెరొలైన్ చిన్నతనంలోనే తండ్రి మిషిగన్ సరస్సులో ఓడ మునిగి పోయాడు. తల్లి షార్లెట్ 1849లో ఫ్రెడరిక్ హోల్‌బ్రుక్‌ను చేసుకుంది. 1850 లెక్కలలో ఆ తల్లిని క్వైనర్ అనే పేరుతో ఎంత వెతికినా దొరకదు, హోల్‌బ్రుక్ పేరు కింద చూడాలి. పసితనంలో పోయిన కెరొలైన్ కొడుకు పేరు చార్లెస్ ఫ్రెడరిక్. బిడ్డల రెండో పేరు ఇలా బంధువుల వైపు వేలు చూపిస్తుంది, కానీ అది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు.

తండ్రి వీలునామా కోసం వెతికేటప్పుడు, వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి పంపకాల ఫైళ్ళు ఇంకా ఎక్కువ చెబుతాయని గుర్తుంచుకోండి. చట్టం ప్రకారం వారసులందరినీ పేరుతో చూపించాలి కాబట్టి, పెళ్ళయి దూరం వెళ్ళిన కూతుళ్ళు భర్తల పేర్లతో సహా వాటిలో ఉంటారు. చర్చి పుస్తకాలలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారివి అన్నిటికంటే నిండుగా ఉంటాయి. ఒక సమాజం నుంచి మరో ఊరి సమాజానికి మారినవారికి ఇచ్చిన బదిలీ పత్రాలను పట్టుకుని ఒక స్త్రీని నార్త్ కరోలైనా నుంచి ఇండియానా దాకా వెంబడించవచ్చు.

ఆమె బానిసత్వంలో పుట్టి ఉంటే

ఈ పద్ధతిలో చాలా భాగం 1870 దగ్గర ఆగిపోతుంది. బానిసలుగా ఉన్నవారిలో అత్యధికుల పేర్లు సెన్సస్‌లో మొదటిసారి రాసింది ఆ సంవత్సరమే. 1850, 1860లలో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. 1870కి వెనక్కు వెళ్ళాలంటే విముక్తులైన బానిసల సహాయానికి 1865 నుంచి 1872 వరకు పనిచేసిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు, ఖాతాదారు తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు అడిగి రాసుకున్న ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు రిజిస్టర్లు, ఆపైన యజమాని కుటుంబపు ఆస్తి జాబితాలు, అమ్మకపు పత్రాలు చూడాలి. మనుషులకు ధర కట్టి రాసిన ఆ జాబితాలను చదవడం కష్టమే. అయినా తల్లి పేరు పక్కన బిడ్డ పేరు ఉన్న ఒకే ఒక్క కాగితం అదే కావచ్చు, కాబట్టి చదవక తప్పదు. నల్లజాతి సైనికుల భార్యల పింఛను ఫైళ్ళు ఇక్కడ మరింత అమూల్యం. చట్టం గుర్తించిన పెళ్ళి కాగితం లేనందువల్ల వారి కాపురం గురించి ఎంతోమంది వివరంగా సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

పేర్లు, చేతిరాత, రుజువు

పాలీ అంటే మేరీ, పాట్సీ అంటే మార్తా, శాలీ అంటే సారా, పెగ్గీ అంటే మార్గరెట్ అయ్యే అవకాశం ఉంది కాబట్టి ముద్దుపేర్లన్నిటితోనూ వెతకండి. ఆనాటి చేతిరాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, ఎఫ్‌లాగా రాసేవారు. అందువల్ల సూచికలు తయారుచేసినవారు చాలా పేర్లను తప్పు చదివారు. వంశచరిత్ర దస్త్రాలు ఉన్న ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ ఉచితం. దానిలో పేరుతో వెతకడమే కాక, కేటలాగులో కౌంటీ పేరు తెరిచి, సూచిక లేని రిజిస్టర్ల ఫోటోలను పేజీ పేజీగా తిప్పి చూడండి. ఈ మధ్య చేతిరాతను కంప్యూటరు చదివి వెతికే సదుపాయం కూడా వచ్చింది. దస్తావేజుల మధ్యలో, వీలునామాల లోపల దాగిన ఆడవారి పేర్లు దానివల్ల బయటపడుతున్నాయి.

ఇతరులు కట్టిన వంశవృక్షంలో కనిపించిన పుట్టింటి పేరును, దాని వెనుక కాగితం చూడకుండా మీ పుస్తకంలోకి ఎక్కించకండి. రుజువు దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచి, ఏ కౌంటీలో ఏ రిజిస్టరును ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చూశారో, ఏమి దొరకలేదో తేదీ వేసి రాసి పెట్టండి. కొత్త దస్త్రాలు ఆన్‌లైన్‌లోకి వస్తూనే ఉన్నాయి కాబట్టి, రేపు ఈ పని అందుకునే మనవరాలికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆ చిట్టా చూస్తే తెలుస్తుంది.